రొదను అణచు హెడ్‌ఫోన్లు: వాని పని, వెల, వినియోగము

కన్నులకు రెప్పలు కలవు, చెవులకు లేవు. చూడనొల్లని దానిని చూడకుండుటకు కన్నులు మూసికొనిన చాలును. విననొల్లని దానిని వినకుండుటకు ప్రకృతి మానవునకు ఏ సాధనమును ఈయలేదు. నిద్రించునపుడు సైతము చెవి మేలుకొనియే యుండును. అడవులలో నివసించిన మన పూర్వులకు ఇది గొప్ప రక్షణగా నుండెను. బస్సులయందును, రైళ్లయందును, యంత్రశాలలయందును దినములో పెక్కు గంటలు గడపు నేటి మనకు అదియే యొక బాధగా పరిణమించినది.

ఈ బాధకు ఉపశమనముగా, వెలుపలి రొదను అణచి లోపలి పాటను మాత్రమే వినిపించు హెడ్‌ఫోన్లు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. ఒకప్పుడు విమానములలో తిరుగు ధనికులకు మాత్రమే అందిన ఈ వస్తువు ఇప్పుడు రెండువేల రూపాయల లోపున కూడ లభించుచున్నది. హోసూరునుండి బెంగుళూరునకు దినదినము పోయివచ్చు పెద్దల చెవులలోను, చుట్టుప్రక్కల పల్లెలనుండి బస్సులలో బడికి వచ్చు పిల్లల చెవులలోను ఇట్టివి కనబడుచున్నవి. “అయ్యవారూ, పిల్లవాడు వేలరూపాయల వస్తువు కావలెనని పట్టుబట్టుచున్నాడు. కొనవచ్చునా? చెవికి చేటు లేదు గదా?” అని కొందరు తల్లిదండ్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. వారికిని, విద్యార్థులకును ఉపయోగపడునని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. యంత్రముల గొడవ తెలుగు ఉపాధ్యాయులకు ఏలయని ఎవరైన తలంపవచ్చును. చెవి భాషకు ద్వారము. ఆ ద్వారము చెడినచో మేము చెప్పు పాఠము ఎందుండి లోనికి పోవును?

ధ్వని యననేమి?

గంటను కొట్టినపుడు దాని అంచు వడిగా ముందునకును వెనుకకును కంపించును. ముందునకు వచ్చినపుడు ఎదుటనున్న గాలిని నొక్కును. వెనుకకు పోయినపుడు అచటి గాలి పలుచబడును. ఈ నొక్కుడును, ఈ పలుచదనమును ఒకదాని వెనుక నొకటిగా గాలిలో సాగిపోవును. దీనినే ధ్వనితరంగ మందురు. నొక్కుడుపడిన భాగమును సంపీడనమనియు, పలుచబడిన భాగమును విరళీకరణమనియు మీ భౌతికశాస్త్ర పుస్తకములలో చదివియుందురు. ఇందు గాలి గంటనుండి మన చెవివరకు ప్రయాణము చేయదు. జాతరలో క్రిక్కిరిసిన జనములో వెనుకవాడు త్రోసిన త్రోపుడు ముందువరుసవరకు పోవును గాని, త్రోసినవాడు తన చోటనే యుండును. ధ్వనియును అట్టిదే.

20 డిగ్రీల వేడిమిగల గాలిలో ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. ఒక సెకండులో ఎన్ని కంపనములు కలుగునో ఆ సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. దానిని హెర్ట్జ్‌లలో లెక్కింతురు. మానవుని చెవి 20 హెర్ట్జ్‌లు మొదలు 20,000 హెర్ట్జ్‌లవరకు వినగలదు. మృదంగపు ఎడమవైపు గుమ్మను నాదము తక్కువ పౌనఃపున్యము గలది. ఈలపాట, చిలుక కూత ఎక్కువ పౌనఃపున్యము గలవి. ధ్వనివేగమును పౌనఃపున్యముచే భాగించినచో తరంగపు నిడివి వచ్చును. 100 హెర్ట్జ్‌ల ధ్వనితరంగము 3 మీటర్ల 43 సెంటీమీటర్ల నిడివి గలది. 10,000 హెర్ట్జ్‌ల తరంగము మూడున్నర సెంటీమీటర్లకైన చాలదు. ఈ తారతమ్యమును జ్ఞాపకముంచుకొనుడు. ముందునకు దీనితో పని కలదు.

మనము ఎక్కు బస్సు రొదను ఇప్పుడు లెక్కకట్టుదము. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను నిమిషమునకు 1,500 సారులు తిరుగుచున్నదనుకొందము. అనగా సెకండునకు 25 సారులు. ఇట్టి ఇంజనులో ప్రతి చుట్టునకు మూడు సిలిండర్లు మండును. కావున సెకండునకు 75 మండుడులు కలుగును. మనము బస్సులో వినునట్టి ఎడతెగని గుమ్మను మ్రోతకు మూలము ఈ 75 హెర్ట్జ్‌ల కంపనమే. చక్రముల రాపిడియు, గాలి హోరును, కిటికీ అద్దముల గలగలయు దీనికి తోడగును. అయినను మ్రోతలో బలమైన భాగము తక్కువ పౌనఃపున్యముననే యుండును.

రెండు ధ్వనులు కలిసి నిశ్శబ్దమగుట

రొదకు రొద తోడైన రొద హెచ్చునని లోకము తలంచును. అన్నివేళల అట్లు జరుగదు. చెరువులో రెండు రాళ్లు వేరువేరు చోట్ల వేయుడు. రెండు అలల వలయములు వచ్చి కలియును. ఒక అల శిఖరము మరియొక అల శిఖరముతో కలిసినచోట నీరు మిక్కిలి పైకి లేచును. ఒకదాని శిఖరము వేరొకదాని పల్లముతో కలిసినచోట నీరు కదలక నిలుచును. దీనినే వ్యతికరణమందురు.

ధ్వనికిని ఇదియే న్యాయము. ఒక ధ్వని గాలిని నొక్కుచున్న క్షణముననే మరియొక ధ్వని ఆ గాలిని అంతే బలముతో పలుచన చేసినచో, గాలి ఎటును కదలదు. గాలి కదలనిచో కర్ణభేరి కదలదు. కర్ణభేరి కదలనిచో మనకు ఏమియు వినబడదు. గణితములో కూడిక మూడును, తీసివేత మూడును చేర్చిన సున్న యగునట్లు, రొదకు సరిగా తలక్రిందులైన ప్రతిరొదను సృష్టించి దానిలో కలిపినచో ఫలితము నిశ్శబ్దము. ఈ సూత్రముపైననే రొదను అణచు హెడ్‌ఫోన్లు పనిచేయుచున్నవి.

ఈ విద్య పుట్టిన వైనము

ఈ తలంపు క్రొత్తది కాదు. పాల్ లూయెగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1933వ సంవత్సరమున దీనికై తన దేశములో పేటెంటు హక్కునకు దరఖాస్తు చేసెను. మరుసటి యేడు అమెరికాలోను చేసెను. 1936వ సంవత్సరము జూన్ 9వ తేదీన అమెరికా ప్రభుత్వము అతనికి ఆ హక్కును ప్రసాదించినది. గొట్టములో పోవు ధ్వనిని ముందుగా మైక్రోఫోనుతో పట్టి, దానికి విరుద్ధమైన ధ్వనిని స్పీకరుద్వారా పంపి అణచవచ్చునని అతడు చూపెను. సూత్రము సరియైనదే గాని, దానిని చక్కగా నెరవేర్చునంతటి విద్యుత్పరికరములు ఆ కాలమున లేవు.

1950వ దశకములో లారెన్స్ ఫోగెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు విమానములను, హెలికాప్టరులను నడుపువారి చెవులను రొదనుండి కాపాడుటకై ఈ పద్ధతిని ప్రతిపాదించెను. 1957వ సంవత్సరమున విల్లర్డ్ మీకర్ అను మరియొకరు చెవిని కప్పు డిప్పలలో ఈ పద్ధతి పనిచేయునట్టి నమూనాను తయారుచేసెను.

దీనిని లోకమునకు అందించిన వారిలో ముఖ్యుడు మన భారతసంతతి వాడగుట మనకు సంతోషకారణము. అమర్ గోపాల్ బోసు 1929లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. అతని తండ్రి నోనీ గోపాల్ బోసు బెంగాలులో ఆంగ్లప్రభుత్వమునకు వ్యతిరేకముగా పోరాడి, అమెరికాకు వలసపోయినవాడు. అమర్ బోసు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, అచటనే ఆచార్యుడై, 1964లో తన పేర ఒక సంస్థను స్థాపించెను. 1978లో అతడు జ్యూరిక్ నుండి విమానములో అమెరికాకు తిరిగి వచ్చుచు, వారిచ్చిన హెడ్‌ఫోనును చెవులకు పెట్టుకొనెను. విమానపు హోరులో సంగీతము ఏమియు రుచింపలేదు. వెంటనే కాగితము తీసికొని, ఆ హోరును అణచు మార్గమునకు గణితము వేయసాగెను. ఇతరులు విసుగుకొని ఊరకుండు చోట అతడు లెక్కవేయుటకు పూనుకొనెను. విద్యార్థులు గమనింపవలసిన విషయమిది.

ఆ తలంపు వస్తువగుటకు పది సంవత్సరములకు పైగా పట్టినది. 1986 డిసెంబరులో డిక్ రూటన్, జీనా యేగర్ అను ఇరువురు వాయేజర్ అను విమానములో, ఎచటను దిగకయు, నడుమ ఇంధనము నింపుకొనకయు తొమ్మిది దినములలో భూగోళమును చుట్టివచ్చిరి. ఇంజను హోరునుండి వారి చెవులను రక్షించుటకు బోసు సంస్థవారి నమూనా హెడ్‌సెట్లు వాడబడినవి. 1989లో విమానచోదకుల కొరకును, 2000వ సంవత్సరమున సామాన్య ప్రయాణికుల కొరకును ఆ సంస్థ ఈ వస్తువులను అమ్మకమునకు తెచ్చినది. తరువాత కంప్యూటరు చిప్పులు చిన్నవియు, చౌకయు అగుటచే అనేక సంస్థలు వీనిని చేయ నారంభించినవి. వెల దిగివచ్చుటకు కారణమిదియే.

లోపల జరుగు పని

హెడ్‌ఫోను డిప్పకు వెలుపల ఒక చిన్న మైక్రోఫోను ఉండును. అది బస్సు రొదను చెవికంటె ముందుగా వినును. లోపలి చిప్పు ఆ రొదను తలక్రిందులు చేసి స్పీకరునకు అందించును. స్పీకరు పాటతోపాటు ఈ ప్రతిరొదను కూడ పలుకును. డిప్పను చొచ్చుకొని వచ్చిన అసలు రొదయు, స్పీకరు పలికిన ప్రతిరొదయు చెవి ద్వారమున కలిసి ఒకదానినొకటి చంపుకొనును. పాట మాత్రము మిగులును. కొన్నిటిలో మైక్రోఫోను డిప్ప లోపల ఉండి, అణగక మిగిలిన రొదను విని దిద్దుబాటు చేయుచుండును. లోపలను వెలుపలను రెండుచోట్ల మైక్రోఫోనులు గలవి మేలైనవి.

అన్ని ధ్వనులను ఈ యంత్రము అణచలేదు. ఎందుకనగా, వినుటకును లెక్కించుటకును పలుకుటకును నడుమ కొంత ఆలస్యము తప్పదు. అది సెకండులో పదివేలవవంతు అనుకొందము. 100 హెర్ట్జ్‌ల ధ్వనికి ఒక కంపనము పూర్తియగుటకు సెకండులో నూరవవంతు పట్టును. దానితో పోల్చిన ఆ ఆలస్యము నూటికి ఒక పాలు మాత్రమే. కావున రొదయు ప్రతిరొదయు ఇంచుమించు సరిగా తలపడి, పదునారవవంతు మాత్రము మిగిలి, తక్కినది నశించును. 5,000 హెర్ట్జ్‌ల ధ్వని విషయము వేరు. దాని కంపనమునకు పట్టునది సెకండులో ఐదువేలవవంతే. ఆలస్యము దానిలో సరిగా సగము. అనగా, పల్లము చేరవలసిన వేళకు శిఖరము చేరును. అప్పుడు రొద నశించుటకు బదులు రెట్టింపగును. గణితమున ఆసక్తిగల పదవ తరగతివారు, ఆలస్యము కంపనకాలములో ఆరవవంతునకు చేరినచో ప్రయోజనము సున్న యగునని త్రికోణమితితో నిరూపింప ప్రయత్నింపవలెను.

ఈ కారణముచేతనే యంత్రమును చేయువారు తక్కువ పౌనఃపున్యపు మ్రోతలను మాత్రమే ప్రతిరొదతో అణచుదురు. మేలైన ఉపకరణములు ఇట్టి మ్రోతలను 20 డెసిబెల్లులకు పైగా తగ్గింపగలవు. 20 డెసిబెల్లులు తగ్గుట యనగా ధ్వనిపీడనము పదవవంతునకు దిగుట. చౌకవి అంతవరకు పోకపోవచ్చును. ఎక్కువ పౌనఃపున్యపు ధ్వనులను ఆపుట డిప్ప చుట్టునున్న మెత్తయు, చెవిలో దూర్చు రబ్బరు బిరడాయు చేయవలసిన పని. అది చెవికి గట్టిగా అమరనిచో ఎంత వెలగల యంత్రమైనను వ్యర్థము.

కావున ఈ వస్తువు కొన్నవారు నిరుత్సాహపడకుండ ఒక మాట చెప్పుచున్నాము. బస్సు ఇంజను, రైలు దడదడ, విమానపు హోరు, పంకా మ్రోత వంటి ఒకేరీతిగా సాగు రొదలు చాలవరకు అణగును. పసిబిడ్డ ఏడుపు, లారీ హారను, కండక్టరు ఈల, ప్రక్కవారి మాటలు తగ్గునే గాని అణగవు. ప్రకటనలలో కనబడు సంపూర్ణ నిశ్శబ్దము ఎచటను లేదు.

చెవికి మేలా, కీడా?

ఇప్పుడు తల్లిదండ్రుల ముఖ్యప్రశ్నకు వచ్చుచున్నాము. చెవిలోపల నత్తగుల్లవలె చుట్టుకొనిన కర్ణావర్తమను భాగము కలదు. అందు సుమారు 15,000 రోమకణములు కలవు. ధ్వనికి ఇవి ఊగి, ఆ వార్తను నరములద్వారా మెదడునకు పంపును. గాలివానకు వరిపైరు ఒరిగి తిరిగి లేచునట్లు, కొంత రొదకు ఇవి అలసి మరల కోలుకొనును. మితిమీరిన రొదకు చచ్చును. చచ్చిన రోమకణము మనుష్యునిలో మరల పుట్టదు. కంటికి అద్దములవలె చెవికి యంత్రములున్నను, పోయిన వినికిడిని అవి పూర్తిగా తెచ్చియీయలేవు.

ఎంత రొదను ఎంతసేపు వినవచ్చునో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలవరకు వినవచ్చును. పిల్లలకు ఆ 40 గంటలకు పరిమితి 75 డెసిబెల్లులు. ధ్వని 3 డెసిబెల్లులు హెచ్చినచో దాని శక్తి రెట్టింపగును. కావున వినదగిన కాలము సగమగును. పెద్దల లెక్క ప్రకారము 83 డెసిబెల్లులకు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలు, 92కు రెండున్నర గంటలు, 95కు గంటయుంబావు మాత్రమే. ఇవి దినమునకు కావు, వారమునకు! దినమునకు రెండుగంటలు బస్సులో పెద్దగొంతుతో పాటలు విను బాలుడు తన వారపు పరిమితిని సోమవారముననే ముగింపవచ్చును.

మామూలు ఇయర్‌ఫోన్లలోని చిక్కు ఇచటనే యున్నది. ఇంటిలో మెల్లగా విన్న పాట బస్సులో వినబడదు. కావున చేయి తానుగా ధ్వనిని పెంచును. రొద 80 డెసిబెల్లులుండగా పాట దానిని మించవలెనన్న 85నో, 90నో కావలెను. రొదను అణచు హెడ్‌ఫోను ఆ 80ని 65కు దింపినదనుకొందము. పాట 70లో హాయిగా వినబడును. అనగా ఈ వస్తువును సరిగా వాడినచో చెవికి కీడుకంటె మేలే ఎక్కువ. ఆ మేలు ధ్వనిని తగ్గించి వినువారికి మాత్రమే దక్కును. రొదను అణచి, పాటను మాత్రము మునుపటి గొంతుననే ఉంచువారికి ఏ మేలును లేదు.

భాషోపాధ్యాయులముగా మేము మరియొక విషయము చెప్పవలసియున్నది. రొదవలన కలుగు చెవుడు ఒక్కసారిగా రాదు. సాధారణముగా అది మొదట 3,000 నుండి 6,000 హెర్ట్జ్‌ల నడుమ ధ్వనులను దొంగిలించును. మన అచ్చుల బలము తక్కువ పౌనఃపున్యమున నున్నది. స, శ, ష వంటి అక్షరముల గుర్తులు వేల హెర్ట్జ్‌లలో నున్నవి. కావున అట్టి పిల్లవానికి మాట వినబడుచునే యుండును గాని, స్పష్టముగా తెలియదు. సకలమనగా సమస్తము, శకలమనగా ముక్క. రెంటికిని భేదము ఒక్క సన్నని ఊదుడులో నున్నది. ఇంట తెలుగును, వీథిలో తమిళమును, సంతలో కన్నడమును, పుస్తకములో ఆంగ్లమును నేర్చుకొను మన పిల్లలకు ఈ సన్నని భేదములే ఆస్తి. పట్టణములలోని తెలుగు పిల్లలకువలె చుట్టును తెలుగు అక్షరములు మనవారికి కనబడవు. చెవితో విన్నదానినే వారు నిలుపుకొనవలెను. ఉక్తలేఖనములో తప్పులు హెచ్చినను, టీవీ గొంతు పెంచుమని పిల్లలు పట్టుబట్టినను, చెవిలో గుయ్యిమని మ్రోగుచున్నదని చెప్పినను, తల్లిదండ్రులు కోపింపక ముందుగా చెవివైద్యునకు చూపింపవలెను.

కొనునపుడు గమనింపవలసినవి

మొదటిది: అవసరము. వారమునకు ఒకమారు ప్రయాణము చేయువారికి ఈ వస్తువుతో పనిలేదు. చెవికి గట్టిగా అమరు రబ్బరు బిరడాలుగల తీగ ఇయర్‌ఫోను కొన్ని వందల రూపాయలకే వచ్చును. అది కూడ కొంత రొదను ఆపును. దానికి బ్యాటరీ అక్కరలేదు. పాటలు వద్దు, పరీక్షకు చదువుకొనుటకు నిశ్శబ్దము చాలుననువారికి అంగడిలో దొరకు మెత్తని స్పాంజి చెవిబిరడాలు ఇంకను చౌక.

రెండవది: పేరులోని మోసము. డబ్బాపై ఏ.ఎన్.సీ. అని యున్నదియు, ఈ.ఎన్.సీ. అని యున్నదియు ఒకటి కావు. మొదటిది మీరు వినుచున్న రొదను అణచునది. రెండవది మీరు ఫోనులో మాట్లాడునపుడు మీ చుట్టునున్న రొద అవతలివారికి పోకుండ చేయునది. దానివలన మీ చెవికి ఏ విశ్రాంతియు లేదు. చౌక వస్తువులపై రెండవదానినే పెద్ద అక్షరములతో ముద్రించి, రొద అణచునదని అమ్ముట కలదు. కష్టార్జితమును ఖర్చుపెట్టు తండ్రులు ఈ ఒక్క అక్షరమును జాగ్రత్తగా చూడవలెను.

మూడవది: అంకెల ఆర్భాటము. “50 డెసిబెల్లులవరకు” అని వ్రాసినచో, ఏదో ఒక పౌనఃపున్యమున, అనుకూలమైన పరీక్షలో వచ్చిన గరిష్ఠపు అంకె యని గ్రహింపవలెను. అన్ని రొదలు అంత తగ్గునని అర్థము కాదు. బ్యాటరీ విషయమునను ఇంతే. రొద అణచుట నిలిపియుంచినపుడు వచ్చు గంటలనే పెద్దగా చూపుదురు. అణచుచున్నపుడు ఎన్నిగంటలు వచ్చునో అడుగవలెను.

నాలుగవది: రూపము. చెవిని పూర్తిగా కప్పు డిప్పలు బ్యాటరీ ఎక్కువకాలము నిలుచును, చిన్నపిల్లలు పారవేసికొనరు, తీగ తగిలించుటకు వీలున్నచో బ్యాటరీ అయిపోయినను కొన్ని పాడును. అయితే మన వేసవిలో చెవులు చెమర్చును. చెవిలో దూర్చు చిన్నవి తేలికయైనవి, చౌకయైనవి. కాని బస్సు కుదుపులో జారి పడిపోవును. ఒకటి పోయిన రెండవది నిరుపయోగము. వానిలోని బ్యాటరీ రెండు మూడేండ్లలో క్షీణించును. దానిని మార్చుట సామాన్యముగా సాధ్యము కాదు. మూడు కొలతల బిరడాలు ఇచ్చునట్టివే కొని, ప్రతి చెవికి సరిపడుదానిని ఎంచుకొనవలెను.

ఐదవది: పరీక్ష. పాట పెట్టకుండ హెడ్‌ఫోనును ధరించి, తిరుగుచున్న పంకా క్రిందనో, రుబ్బురోలు యంత్రము ప్రక్కనో నిలువుడు. అణచు మీటను ఒకమారు నొక్కి, మరల తీయుడు. గుమ్మను మ్రోత స్పష్టముగా తగ్గి హెచ్చవలెను. తగ్గకున్నచో బిరడా అమరలేదన్నమాట, లేదా వస్తువు పనికిరానిదన్నమాట. వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్ష చేయవలెను. రసీదు లేనిదే కొనరాదు. భారతీయ ప్రమాణముల సంస్థవారి నమోదు గుర్తును కూడ చూచుకొనవలెను.

వాడునపుడు పాటింపవలసినవి

ఫోనులో గరిష్ఠధ్వనికి నూటికి 60 పాళ్లు మించనీయకుడు. గంటకొకమారు తీసి చెవులకు విశ్రాంతి నీయుడు. ఇతరులు చెవిలో పెట్టుకొనినదానిని తుడువక మీరు పెట్టుకొనకుడు, అంటుజాడ్యములు వచ్చును. చెవి కారుచున్నపుడు ఏ బిరడాయు పనికిరాదు.

రోడ్డు దాటునపుడును, సైకిలు త్రొక్కునపుడును, రైలుపట్టాల దరిని నడచునపుడును హెడ్‌ఫోనును చెవినుండి తీసి సంచిలో పెట్టవలెను. ఇది సలహా కాదు, ఆజ్ఞ యనుకొనుడు. తక్కువ పౌనఃపున్యపు గుమ్మను మ్రోతను తీసివేయుటయే ఈ యంత్రపు పని యని చెప్పితిమి గదా! వెనుకనుండి వచ్చు లారీని, రైలును మనకు తెలుపునది ఆ మ్రోతయే. మేలైన వస్తువు ఇచట మరింత ప్రమాదకరము. హోసూరు మీదుగా పోవు 44వ జాతీయ రహదారిని దాటు మన పిల్లలు ఈ మాటను మరువరాదు. వెలుపలి ధ్వనిని లోనికి వదలు మీట కొన్నిటిలో నున్నది. అది బస్సులో దిగు చోటును వినుటకు ఉపయోగించును గాని, రోడ్డుపై దానిని నమ్ముకొనరాదు.

కర్మాగారములలో పనిచేయు తల్లిదండ్రులకు మరియొక మనవి. పాటలు విను ఈ హెడ్‌ఫోన్లు యంత్రశాలలోని రక్షణ సాధనములకు బదులు కావు. సమ్మెట దెబ్బవంటి హఠాత్తు ధ్వనులను ఇవి ఆపలేవు. కర్మాగారమువారు ఇచ్చు చెవిరక్షణ డిప్పలను, బిరడాలనే అచట ధరింపవలెను.

కడపటి మాట

వెలలేని వస్తువు చెవి. వెలగల వస్తువు హెడ్‌ఫోను. మొదటిదానిని కాపాడుటకు రెండవది ఉపయోగపడినపుడే పెట్టిన పైకము సార్థకమగును. దూరప్రయాణములో పాఠములు వినుటకు, మంచి సంగీతము వినుటకు, అలసిన చెవికి కొంత విశ్రాంతి నిచ్చుటకు దీనిని వాడుడు. అయితే ప్రయాణమంతయు చెవులు మూసికొని కూర్చొనవలదు. మన బస్సులో ఒక బల్లపై తెలుగు, వెనుక బల్లపై తమిళము, కిటికీ దరిని కన్నడము, తలుపు దరిని ఉర్దూ వినబడును. ఈ ప్రాంతపు పెద్దలు మూడునాలుగు భాషలు నేర్చినది బడిలో కాదు, ఇట్టి చోట్లనే. రొదను అణచుడు, మనుష్యుల మాటను అణచకుడు. ఏది రొదయో, ఏది మాటయో వేరుచేయు పని యంత్రమునది కాదు, మనది.